సీసా ఒకటి, బీరు ఒకటి

ఒక్క మాట చెప్పలేక ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్ద మాట కూడా కాదు. రెండు ముక్కలు. మా షాపులో నవ్వుతూ అనే ముక్కలే. వాటిని అనాల్సిన చోట, ఒక మనిషి ముందు, ఒక మధ్యాహ్నం పూట, నేను నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి అవి గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉన్నాయి. మింగుడు పడవు. బయటికీ రావు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఇది సాగుతుంది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోకండి. ఇది బీరు గురించిన గొడవ. ఓస్, బీరేనా అని మీరు పక్కన పడేస్తారేమోనని నాకు అనుమానం. నాకు అన్నీ అనుమానాలే. నా జబ్బూ అదే, నా బతుకుదెరువూ అదే.

ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు నాది. మా నాన్న పెట్టింది. ఈ వ్యాపారంలో మొదట నేర్చుకునేది డబ్బాను నమ్మకపోవడం. మెరిసే స్టిక్కరు, కంపెనీ ముద్ర, సీలు, అన్నీ ఉంటాయి. లోపల మాత్రం ఎక్కడో పోత పోసిన డూప్లికేటు బేరింగు ఉంటుంది. అందుకని కౌంటర్లో కొత్తగా చేరిన మనిషికి మేమొక పరీక్ష పెడతాం. పెట్టె మార్చడం అంటాం దాన్ని. అసలు బేరింగును డూప్లికేటు డబ్బాలో, డూప్లికేటును అసలు డబ్బాలో పెట్టి, ఏమీ ఎరగనట్టు చేతికిస్తాం. మనిషి డబ్బాను చూస్తున్నాడా, సరుకును చూస్తున్నాడా అన్నది అక్కడ తేలిపోతుంది.

ఈ పరీక్షకి ఒక నియమం ఉంది. పట్టుకున్న మరుక్షణం, పరీక్ష పెట్టినవాడు "మార్చింది నేనే" అనెయ్యాలి. అని టీ తెప్పించాలి. మా నాన్న ఎంత కోపిష్టి అయినా ఈ నియమం మాత్రం తప్పలేదు. ఆలస్యం చేస్తే ఆ మనిషికి తన చేతి మీదే అనుమానం పుడుతుందిరా, ఇక ఎందుకూ పనికిరాకుండా పోతాడు అనేవాడు. నేను ఆ మాట విన్నాను. చాలాసార్లు విన్నాను. తెలియక చేశాను అనడానికి నాకు వీల్లేదు.

శేషు నాతో పాటు డిగ్రీ చదివాడు. పెడన వాళ్లు. మగ్గాల కుటుంబం. వాళ్ల అక్కను బెజవాడలో బట్టల షాపులున్న సాంబశివరావు గారికి ఇచ్చారు. శేషు మాత్రం నూలు జోలికి పోలేదు. కెమిస్ట్రీ చదివి, బెంగళూరు వెళ్లి, అక్కడ సొంతంగా బీరు కాచి అమ్మే చోట పనికి కుదిరి, కొన్నేళ్లకి కాచే పనంతా తనే చూసుకునే స్థాయికి వచ్చాడు. వాళ్లమ్మకి మాత్రం కూల్‌డ్రింకుల కంపెనీ అని చెప్పాడు. ఆవిడ నమ్మింది. నేనైతే నమ్మేవాణ్ణి కాను.

వాడు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఒకటే వాదన. క్రాఫ్ట్ బీరు, లిమిటెడ్ ఎడిషన్, కొన్ని సీసాలే చేస్తారు, చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు, మామూలు స్ట్రాంగ్ బీరు కన్నా ఘాటు, కానీ గొంతు మండదు. ఇదీ వాడి పాట. నేను పక్కకి తిరిగి నవ్వేవాణ్ణి. ఆ ఒక్క సీసా పెట్టే డబ్బుతో మా వైన్ షాపులో అర కేసు స్ట్రాంగ్ వస్తుంది. రంగు అదే. నురగ అదే. ఎక్కేదీ అదే. మరి ఎక్కువ డబ్బు దేనికి? సీసాకా? నల్ల లేబుల్ మీద బంగారు అక్షరాలకా? మాకు కావాలంటే అలాంటి స్టిక్కర్లు తెల్లారేసరికి ప్రింటు చేసి ఇచ్చేవాళ్లున్నారు ఇక్కడ. మీ చెవిలో పువ్వు పెడుతున్నార్రా అనేవాణ్ణి. వాడు ఓపిగ్గా, ఒకసారి తాగి చూడరా అనేవాడు. తాగితే తెలుస్తుందన్న మాటే నాకు మరీ అనుమానం. డూప్లికేటు అమ్మేవాడు కూడా వాడి చూడండి సార్ అనే అంటాడు.

ఒక ఏడు వాడు బెంగళూరు వదిలేసి వచ్చేశాడు. మన దగ్గర కూడా చిన్న బ్రూవరీలకు అనుమతులిస్తారని అప్పట్లో మాట వినపడుతోంది. సాంబశివరావు గారికి బందరు రోడ్డు మీద ఒక బిల్డింగు ఉంది. పై అంతస్తు ఖాళీ. అక్కడ ట్యాంకులు పెట్టి, శేషు చేత బీరు కాయించి, రెస్టారెంటు నడపాలని బావా బావమరుదులు అనుకున్నారు. అనుకున్నారు అంటే, శేషు అనుకున్నాడు. సాంబశివరావు గారు ఊఁ అన్నాడు. ఆయన బట్టల వ్యాపారి. ఊఁ అనడానికీ సరే అనడానికీ ఆయన దగ్గర బోలెడంత దూరం.

సరే అనిపించడానికి శేషు ఒక ఉపాయం చేశాడు. వాడు పనిచేసిన చోట చేసిన లిమిటెడ్ ఎడిషన్ పెద్ద సీసా ఒకటి తెచ్చాడు. దాన్ని కాచింది వాడే. చివరి సీసా అట. బావగారికి తాగించి, ఇదిగో, నా పని ఇదీ అని చూపించాలని. వాళ్లింట్లో అమ్మ ఉంటుంది కాబట్టి ఆ సీసాను గుణదలలో మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మా ఇంటి పైగదిలో భోజనం. కొర్రమీను వేపుడు మా ఆవిడ బాధ్యత. సీసా నా బాధ్యత.

జాగ్రత్తరా, నిలబెట్టే ఉంచు, పడుకోబెట్టకు అని, పసిపిల్లను అప్పగించినట్టు అప్పగించి వెళ్లాడు.

నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆ బుద్ధి ఎప్పుడు పుట్టింది? వాడు మెట్లు దిగుతుండగానేనా? లేక ఎన్నేళ్ల నుంచో లోపల కూర్చుని ఉందా? వాడి మీద కోపమా? కాదు. అసూయా? కాదనే అంటాను, కానీ నేను కాదన్న వాటిని కూడా మీరు కొంచెం అనుమానంగానే చూడండి. వాడు కెమిస్ట్రీ చదువుకి తగ్గ పని వెతుక్కున్నాడు. నేను నాన్న కౌంటర్లోనే కూర్చున్నాను. ఇది నిజం. ఇంతకు మించి ఆ లోతుకి దిగాలంటే నాకు భయం.

ఏదేమైనా పెట్టె మార్చాలనుకున్నాను. షాపులో చేసినట్టే. సీసా మూతకి ఎర్ర లక్క ముంచి ఉంది. దాన్ని బ్లేడుతో ఊడదీశాను. మూతను గుడ్డ పెట్టి, వంగకుండా, మెల్లగా లేపాను. రెండు మామూలు స్ట్రాంగ్ సీసాలు తెచ్చాను. ఒకదాన్ని గిన్నెలోకి ఖాళీ చేసి, అసలు బీరును ఆ సీసాలో పోశాను. స్ట్రాంగును బంగారు అక్షరాల సీసాలో పోసి, తక్కువైతే రెండో సీసాతో నింపాను. మూతలు మళ్లీ పెట్టి, వాటి మీద సరిపోయే బాక్స్ స్పానరు బోర్లించి, రబ్బరు సుత్తితో తట్టాను. కొత్త మూతల్లా కూర్చున్నాయి. లక్కను గరిటెలో వేసి, గుణదల కొండ మీద మేరీమాత దగ్గర వెలిగించడానికి మా ఆవిడ తెచ్చిపెట్టుకున్న కొవ్వొత్తి మంట మీద కరిగించి, మూతను ముంచాను. చేయి తిరిగిన పని. ఎవరూ పట్టుకోలేరు.

అయితే పెద్ద సీసాలోది చిన్న సీసాలో పట్టదు కదా. అసలు బీరు కొంచెం మిగిలింది. స్టీలు గ్లాసులో పోసుకుని తాగాను.

ఇక్కడ కాస్త ఆగనివ్వండి. ఇంతవరకూ చెప్పింది తేలిక.

అది వేరే బీరు. అంతే. ఎలా చెప్పాలో నాకు చేతకాదు, నాకా మాటలు రావు. ముందు ఎండు నారింజ తొక్క వాసన, తర్వాత కాస్త తేనె, ఆ తర్వాత తడి చెక్క. ఘాటు ఉంది గానీ గొంతులో గీరుకోలేదు, ఛాతీలోకి దిగి వెచ్చగా కూర్చుంది. గ్లాసు కింద పెట్టి చాలాసేపు వంటగది గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. అన్నేళ్లూ వాడు చెప్పింది నిజమేనని నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. నాకు తెలుసు! అయినా మనసు వదల్లేదు. అసలుదని తెలిసి తాగావు కాబట్టి అలా అనిపించింది, తెలియకుండా తాగితే వాడికైనా తెలియదు అంది. సరే, రేపు తేలిపోతుంది కదా అనుకున్నాను. వాడు పట్టుకుంటే మార్చింది నేనే అంటాను, అసలుది పోస్తాను, అందరం నవ్వుకుంటాం. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వాళ్లిద్దరూ వచ్చారు. సాంబశివరావు గారు మంచి హుషారుగా ఉన్నాడు. శేషు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ఉన్నాడు పాపం. వాడే లక్క గీకి, మూత తీసి, ముందు బావగారి గ్లాసులో పోశాడు. తర్వాత నాకు. ఆఖరున తనకి.

సాంబశివరావు గారు గుక్కెడు తాగి, కళ్లు మూసుకుని, పెదాలు చప్పరించాడు. "అబ్బో! పెట్టిన డబ్బు తెలుస్తోందిరా శేషూ. మామూలు బీరులో ఈ రుచి ఎక్కడిది?" అన్నాడు.

నాకు లోపల నవ్వు ఆగలేదు. చూశారా, నేనేమన్నాను! లేబుల్ తాగుతున్నాడు ఈయన. ఆ నిమిషం ఎంత సంతోషించానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నేను కూడా బాగుందండీ అన్నాను.

అప్పుడు శేషు తాగాడు. తాగి గ్లాసు వంక చూశాడు. మళ్లీ కొంచెం నోట్లో పట్టి ఉంచాడు. మొహంలో రంగు మారింది.

"ఇది అది కాదు బావగారూ," అన్నాడు.

"ఏది కాదు?"

"నేను కాచింది కాదు. మామూలు స్ట్రాంగ్‌లా ఉందండి ఇది."

సాంబశివరావు గారు గ్లాసు కింద పెట్టాడు. "అంటే, నాకు తెలీలేదంటావా? నువ్వే కదా సీలు తీసింది? నీ చేత్తో నువ్వే కదా పోసింది?"

"అవునండి, కానీ..."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ ఫ్రిజ్‌లోనే ఉంది కదా. ఎవరన్నా ముట్టుకున్నారా?"

ఇదే ఆ చోటు. ఇక్కడే ఆ రెండు ముక్కలు అనాలి. శేషు కూడా నా వైపే చూస్తున్నాడు. అనుమానంతో కాదు, సాయం చెయ్యరా అన్నట్టు. నేను నోరు తెరిచాను. తెరిచేసరికి సాంబశివరావు గారి మొహం కనిపించింది. ఇందాక అబ్బో అన్న మనిషి. ఇప్పుడు నేను నిజం చెబితే, బావమరిది ముందు, వేపుడు వడ్డిస్తున్న మా ఆవిడ ముందు, ఆయన వెర్రివాడు అయిపోతాడు. ఆయన షాపుల వ్యాన్లన్నిటికీ సరుకు నా దగ్గరే తీసుకుంటాడు. అదొక కారణమా? అయ్యుండొచ్చు. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. చెప్పానంటే నా ఇన్నేళ్ల వాదన అక్కడికక్కడే ఓడిపోతుంది. శేషు పట్టుకున్నాడు మరి. ఒక్క గుక్కలో పట్టుకున్నాడు.

"లేదండీ. వాడు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది," అన్నాను.

అక్కడితో ఆగినా పోయేది. ఆగలేదు. సాంబశివరావు గారికి పట్టుదల వచ్చింది. సరే, మామూలు బీరు అంటే ఎలా ఉంటుందో చూద్దాం, ఉందా ఇంట్లో అన్నాడు. లేదంటే సరిపోయేది. నేను వెళ్లి, అసలు బీరు పోసి ఉంచిన ఆ స్ట్రాంగ్ సీసా తెచ్చాను. ఎందుకు తెచ్చాను? కాళ్లు వాటంతటవే వెళ్లాయి అంటే నమ్ముతారా? నేనైతే నమ్మను. మామూలు సీసాలోంచి శేషుకి పోశాను. వాడు తాగాడు.

వాడు గ్లాసు దించలేదు, ఇంకో గుక్క తాగాడు. అలాంటి మొహం నేను మళ్లీ చూడలేదు. తప్పిపోయిన పిల్లాడు జనంలో అమ్మ గొంతు విన్నట్టు ఉంది.

"ఇది... ఇదేనండీ అది," అన్నాడు.

సాంబశివరావు గారు పడీ పడీ నవ్వాడు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఒరేయ్, మామూలు బీరు నీ స్పెషల్ అంటున్నావు, నీ స్పెషల్‌ని మామూలు బీరు అంటున్నావు. నిన్ను నమ్మి ట్యాంకులు పెట్టించమంటావా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయనతో పాటు. శేషు రెండు గ్లాసుల్నీ మార్చి మార్చి చూసుకుని, కాసేపటికి తనూ నవ్వాడు. వాడి గ్లాసులోనూ సీసాలోనూ మిగిలిన ఆ ఆఖరి బీరును ఎవరూ తాగలేదు. సాయంత్రం మా ఆవిడ సింకులో పారబోసింది.

రెండుసార్లు పరీక్షించాను. రెండుసార్లూ నిజమే చెప్పాడు. నిజం చెప్పినందుకే ఓడిపోయాడు.

బందరు రోడ్డు పై అంతస్తు ఒక కోచింగ్ సెంటరుకి అద్దెకి పోయింది. శేషు తిరిగి బెంగళూరు వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. పిలిచారట. ఏమోరా, నాకే నమ్మకం లేకుండా పోయింది, ఏదైనా పాడు చేస్తే వాళ్ల పేరు పోతుంది అన్నాడు. బావగారి షాపులోనే చీరల సెక్షన్‌లో కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

నేనేం చేశాను? మీరు నవ్వుతారు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, ఎవరు వస్తున్నా లిమిటెడ్ ఎడిషన్ సీసాలు తెప్పించుకుని తాగడం మొదలుపెట్టాను. అన్నీ మోసమే అని తేలితే నా తప్పు కాస్త తగ్గుతుందని ఆశ. నిజంగానే వాటిలో చాలా వరకు మోసమే. ఉత్త ఘాటు, పైన పంచదార, మీద కాఫీ పొడో చాక్లెట్టో వేసి కొత్త పేరు. వాటికి ఆ ధర దండగ, ఈ మాట మాత్రం ఎక్కడైనా గట్టిగా చెబుతాను. కానీ మధ్యలో ఎప్పుడో ఒకటి తగులుతుంది. ఎవరో కూర్చుని, తొందరపడకుండా, ప్రాణం పెట్టి చేసింది. దానికి ఎంత పెట్టినా పెట్టొచ్చు. అలాంటిది తగిలిన రోజు నాకు రెండో గుక్క దిగదు.

ఈస్టరుకి ముందు వచ్చే ప్రతి తపస్సుకాలంలోనూ పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తాను. వ్యాపారంలో ఆడిన అబద్ధాలు చెప్పాను. కోపాలు చెప్పాను. తాగుడు చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. ఫాదర్ గారికి బీరు గొడవ ఏం చెబుతాంలే అనుకునేవాణ్ణి. అదీ అబద్ధమే. వెళ్లి అతనికి చెప్పు అంటారని భయం.

ఈమధ్య ఏలూరులో పెళ్లికి ముగ్గురం ఒకే కారులో వెళ్లాం. తిరిగి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగాం. సాంబశివరావు గారు కారులో అప్పటికే ఆ పాత బీరు కథ మళ్లీ ఒకసారి చెప్పి నవ్వించాడు. శేషు కూడా నవ్వి, నా నాలిక సంగతి తెలిసిందే కదా అన్నాడు. వాడికి షుగరు వచ్చింది. పంచదార లేని టీ అడిగాడు. ఒక గుటక వేసి ఆగాడు. మమ్మల్నిద్దర్నీ చూశాడు. తర్వాత గ్లాసు నాకిచ్చాడు.

"ఒరే, నాకు తియ్యగా అనిపిస్తోంది. నా నాలిక్కేం తెలుసులే గానీ, నువ్వోసారి చూడు," అన్నాడు.

తాగి చూశాను. నిండా పంచదార.

"ఉందిరా. నువ్వు చెప్పింది నిజమే," అన్నాను.

"అవునా!" అన్నాడు. ఎంత సంతోషమో ఆ మొహంలో! పంచదార వేసినందుకు టీ కొట్టువాణ్ణి తిట్టాల్సింది పోయి, పరీక్ష పాసైనవాడిలా నవ్వుకున్నాడు. షుగరున్న మనిషి. నోట్లో తీపి ఉందో లేదో చెప్పడానికి పక్కవాడి మొహం చూస్తున్నాడు.  చెప్పేద్దామనుకున్నాను. అంతలో డ్రైవరు హారను మోగించాడు, కారెక్కాం.

వాడికి తెలుసేమోనని కూడా ఒక్కోసారి అనుమానం. ఆ గ్లాసు నాకే ఎందుకిచ్చాడు? పక్కనే బావగారు ఉన్నాడు కదా? తెలిసి ఇచ్చాడా, నమ్మి ఇచ్చాడా? ఏది నిజమైతే నాకు ఎక్కువ భయమో అదీ తెలియడం లేదు. ఇలా పేరు దాచుకుని రాయడం కూడా పెట్టె మార్చడమేనా? అయ్యుండొచ్చు. మీ చేత అయ్యో పాపం అనిపించుకుని తప్పుకుందామని చూస్తున్నానేమో. అనకండి. మీరు క్షమించడానికి ఇందులో మీదేమీ పోలేదు.

నిన్న షాపులో కొత్తగా చేరిన ఒకాయనకి పెట్టె మార్చి ఇచ్చాను. ఆయన డబ్బా పక్కన పెట్టి, బేరింగును తిప్పి చూసి, సార్, ఇందులో ఏదో తేడా ఉందండీ అన్నాడు. మాట పూర్తి కాకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో! టీ కూడా తెప్పించాను. ఆయన తాగుతూ ఉంటే కౌంటర్ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అక్కడే ఇది రాయడం మొదలుపెట్టాను.

శేషూ, నువ్వు రెండుసార్లూ తప్పు చెప్పలేదురా. ఆ టీ తీపే. ఆ బీరు నీదే.

మార్చింది నేనే.